ఇరవై ఏడు లక్షల మైదానం, నెలకు పదిహేడున్నర వేల తాళంచెవి

కాలనీ లేఅవుట్ పటంలో, మేము ఆటస్థలం చేయాలనుకున్న ఖాళీ స్థలం పొడవు 46 మీటర్లు, వెడల్పు 39. 2019 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న నేను, కాలనీ సంఘం కార్యదర్శి గారు టేపు పట్టుకుని కొలిస్తే 44, 37న్నర వచ్చాయి. చదరపు గజాల్లో చెప్పాలంటే 2,146 ఉండాల్సింది 1,973 ఉంది. తగ్గిన 173 గజాలు ఎక్కడికీ పారిపోలేదు. ఉత్తరం వైపు ఇళ్ల కారు ర్యాంపులు, దక్షిణాన బోరు గది, మూలన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటూ మిగిల్చిన కంకర కుప్ప. అన్నీ కళ్లెదుటే ఉన్నాయి. కార్యదర్శి గారు టేపు చుడుతూ, "ఇది రాయకండి సార్, అంచనాలో పాత కొలతే వేయండి, మళ్లీ గొడవలు ఎందుకు" అన్నారు. నేను కొత్త కొలతే వేశాను. పాతది నమ్మి ఉంటే ఖోఖో గీత వెళ్లి గోడ ఎక్కేది.

నేను సివిల్ ఇంజినీరును. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో కాలనీ సంఘాలకు, చిన్న పాఠశాలలకు పటాలు గీసి, అంచనాలు వేసి, నిధుల దరఖాస్తులు తయారుచేసి పెడుతున్నాను. ఉప్పల్‌కూ ఎల్.బి. నగర్‌కూ మధ్య ఉన్న ఈ కాలనీ పేరు ఇక్కడ రాయను. 1980లలో వేసిన లేఅవుట్, 320 ఇళ్లు, మధ్యలో ఒక ఖాళీ స్థలం. వర్షాకాలంలో గడ్డి, ఎండాకాలంలో క్రికెట్, దసరాకు బతుకమ్మ, మిగతా రోజుల్లో పార్కింగ్. దాన్ని ఆటస్థలం చేయడానికి మూడేళ్లు పట్టింది. అందులో కట్టుబడికి పట్టింది పట్టుమని ఆరు నెలలు.

ఎవరి కోసం అన్న ప్రశ్న

మొదటి సమావేశంలో అధ్యక్షులు గారు ముందే నిర్ణయించుకుని వచ్చారు. పైకప్పున్న షటిల్ హాలు, చెక్క నేల, గ్యాలరీ. గోపీచంద్ అకాడమీ చూసి వచ్చిన ఉత్సాహం అది, తప్పు పట్టలేను. కానీ లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలంలో అంత కట్టడం లేపడం అంటే చట్టంతో పేచీ పెట్టుకోవడమే. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణకు 1985 నుంచే ఒక చట్టం ఉంది. పైగా పోటీలకు పనికొచ్చే షటిల్ హాలుకు కప్పు కనీసం తొమ్మిది మీటర్ల ఎత్తుండాలి. అంటే చుట్టుపక్కల ఇళ్లకు మూడంతస్తుల గోడ. ఈ మాట చెప్పగానే తూర్పు వైపు ఇళ్లవాళ్లు హాలుకు వ్యతిరేకమైపోయారు, నా పని తేలికైంది.

యువకులు బాక్స్ క్రికెట్ వల అడిగారు. పెద్దలు నడిచే బాట, బెంచీలు అడిగారు. ఎదురుగా ఉన్న ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు కబడ్డీకి, ఖోఖోకు జాగా ఇస్తే చాలన్నారు. ఇలాంటప్పుడు చేతులెత్తించి ఓటు పెడితే గట్టిగా అరిచేవాళ్లే గెలుస్తారు. అందుకని ఓటు పెట్టలేదు, లెక్క పెట్టాం. ఏడు రోజులు, పొద్దున్న అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, గంటగంటకూ ఎవరు ఎంతమంది ఉన్నారో ఒక నోటు పుస్తకంలో గీతలు గీశాం. పొద్దున్న నడిచేవాళ్లు అరవై, డెబ్బై మంది. సాయంత్రం క్రికెట్ ఆడే మగపిల్లలు పాతిక, ముప్పై. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు ఏడు రోజుల్లో ఒక్కరు. ఆ అమ్మాయి కూడా సైకిల్ మీద అడ్డదారిన వెళుతోంది, ఆడడం లేదు.

ఆపి అడిగాను. "అన్నయ్యలు ఆడుతుంటే బంతి తగులుతుంది అంకుల్. వాళ్లు వెళ్లేసరికి చీకటి పడుతుంది" అంది. నేను వేయబోయే అంచనాలో లైటు స్తంభాలు, వేళల పట్టిక, ఒక మరుగుదొడ్డి ఆ రెండు వాక్యాల వల్లనే చేరాయి. వేళల పట్టిక అంచనాలో ఉండే వస్తువు కాదని నాకూ తెలుసు. అయినా పటం మీద ఒక మూల రాసి పెట్టాను.

కొలతలు ఇలా కుదిరాయి. చుట్టూ మీటరున్నర నడిచే బాట పోగా లోపల 41 మీటర్లు, 34న్నర మీటర్లు. వాలీబాల్ కోర్టు 18, 9 మీటర్లు, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24, 15. దాని పక్కన షటిల్ కోర్టులు రెండు. ఒక్కొక్కటి 13.40, 6.10. ఎదురుగా 27, 16 మీటర్ల ఖోఖో, అంచులతో కలిపి 30, 19. పదిహేను, పందొమ్మిది కలిపితే ముప్పై నాలుగు. అర మీటరు మిగిలింది. కబడ్డీ గీతలు ఖోఖో జాగాలోనే వేరే రంగులో పడతాయి. క్రికెట్‌కు చోటు లేదు. ఆ పిల్లలకు ఆదివారం పొద్దున్న, మామూలు రోజుల్లో నాలుగున్నర లోపు టెన్నిస్ బంతితో ఆడుకోవడానికి వేళ ఇచ్చాం. వాళ్లకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కాస్త డబ్బున్నవాళ్లు గంటకు వెయ్యి రూపాయలు పెట్టి ప్రైవేటు టర్ఫ్‌కు పోతున్నారు. డబ్బులేని నలుగురైదుగురు అసలు ఆడడమే మానేశారు. ఈ మైదానం లెక్కలో నష్టపోయినవాళ్లు ఎవరంటే వాళ్లే.

ఏ డబ్బు ఎక్కడ ఉంటుంది

క్రీడలకు ప్రభుత్వ డబ్బు అనగానే అందరూ కేంద్ర పథకం ఖేలో ఇండియా పేరు ఎత్తుతారు. 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్లకు దానికి 3,165.50 కోట్లు కేటాయించారు. అయితే అందులో మౌలిక వసతుల ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్లాలి. సింథటిక్ ట్రాక్, బహుళ క్రీడల హాలు, ఈత కొలను వంటి పెద్ద పనులు దాని స్థాయి. రెండు వేల గజాల కాలనీ సంఘం ఆ తలుపు తట్టడం, పల్లె సంతలో కొత్తిమీర కట్ట కొనడానికి అయిదు వందల నోటు తీయడం లాంటిది. హైదరాబాద్‌లో పెద్ద స్టేడియాలకు పెద్ద సందర్భాలే డబ్బు తెచ్చాయి. గచ్చిబౌలి ప్రాంగణం 2002 జాతీయ క్రీడల కోసం లేచింది, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకూ పనికొచ్చింది. కాలనీ మైదానానికి అలాంటి ముహూర్తం ఎప్పటికీ రాదు.

రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్ర జాబితాలో 33వ అంశం. పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలు 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థల పనుల కింద ఉన్నాయి. కాబట్టి చిన్న మైదానానికి సహజమైన ఇల్లు నగరపాలక సంస్థ బడ్జెట్. దాని పక్కన రెండు చేదుడు బావులు ఉన్నాయి. ఎంపీ స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి ఏడాదికి అయిదు కోట్లు. ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధిని తెలంగాణలో 2021లో మూడు కోట్ల నుంచి అయిదు కోట్లకు పెంచారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఇంకో దారి. మేము ఒక కంపెనీ దగ్గరికి వెళ్లాం కూడా. వాళ్ల అధికారి కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ముందు పెట్టి, అందులో ఉన్న మాట క్రీడా "శిక్షణ" అని వేలు పెట్టి చూపించారు. గోడ కట్టమంటే కష్టం, కోచ్‌ను పెట్టమంటే ఆలోచిస్తాం అన్నారు. అప్పుడు నిరాశపడ్డాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగినదే సరైన ప్రశ్న.

ఏ బావిలో చేద వేయాలన్నా ముందు ఒక కాగితం కావాలి. స్థలం ఎవరిది? లేఅవుట్ వేసినప్పుడు వదిలిన ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు రిజిస్టర్ చేసి దానంగా ఇవ్వాలి. మా పటం మీద "ఓపెన్ ప్లేస్" అని రాసి ఉంది తప్ప గిఫ్ట్ డీడ్ జాడ లేదు. లేఅవుట్ వేసిన పెద్దాయన పోయారు. వారసులు ఇద్దరు. ఒకాయన మొదటి రోజే సంతకానికి ఒప్పుకున్నారు. రెండో ఆయన ఎనిమిది నెలలు తిప్పారు. ఆయన్ని ఒప్పించింది నా చట్టం పాఠాలు కావు. వాళ్ల నాన్నగారి పేరు గేటు మీద పెడతామని అధ్యక్షులు గారు ఇచ్చిన మాట.

డబ్బు ఆగడం మేలైన సంగతి

2020 ఫిబ్రవరిలో ఎంపీ గారు పాతిక లక్షలకు సిఫారసు లేఖ ఇచ్చారు. నా అంచనా 31 లక్షలు. మిగతాది ఎలాగో చూసుకుందాం అనుకున్నాం, మిఠాయిలు కూడా పంచారు. కోవిడ్ వచ్చింది. ఏప్రిల్ 6న కేంద్ర మంత్రివర్గం రెండేళ్లపాటు ఎంపీ నిధులను నిలిపివేసింది. మంజూరు కాని లేఖ చేతిలో మిగిలింది.

అదే ఏడు అక్టోబర్ 13 రాత్రి నగరం మునిగింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడితే, మా తూర్పు వైపున కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. పదిహేనో తారీఖున వెళ్లి చూస్తే మా ఖాళీ స్థలం చెరువు. మోకాలి లోతు నీళ్లలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తేలుతోంది. నీళ్లు మూడు రోజులు కదల్లేదు. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేకపోయింది. చుట్టూ ఉన్న రోడ్లకు ఒక పొర మీద ఇంకో పొర వేసుకుంటూ పోతే స్థలం వాటికంటే పల్లమైపోయింది. ఎత్తు కొలిచే లెవెల్ పరికరం పెట్టి చూస్తే సగటున 40 సెంటీమీటర్ల తేడా.

నా 31 లక్షల అంచనాలో కాలువ లేదు, ఎత్తు పెంచడం లేదు. ఎండాకాలం ముందు వేసిన అంచనా అది. పొడినేల చూసి కోర్టులు గీశాను. ఆ పాతిక లక్షలు వచ్చి ఉంటే కొత్త కాంక్రీటు కోర్టులు మొదటి వానకే మునిగేవి, శిలాఫలకం మాత్రం నీళ్ల మీదికి కనిపించేది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడిని, ఇంత మొరటు తప్పు ఎలా చేశానంటే సమాధానం లేదు. ఇప్పుడు ఏ స్థలానికైనా ఒక వానాకాలం చూశాకే అంచనా వేస్తున్నాను. తొందరపడేవాళ్లకు ఇది నచ్చదు. అంత ఆగలేమంటే కనీసం ఒక ట్యాంకర్ నీళ్లు పోయించి ఎటు పారతాయో చూస్తాను.

మూడు రంగుల పటం

కొత్త అంచనా 27 లక్షలకు తేలింది. గ్యాలరీ పోయింది, కాలువ వచ్చింది. ఈసారి ఒకే చోట అడగలేదు. 2021లో ఎమ్మెల్యే నిధి నుంచి పది లక్షలు, వార్డు పనుల కింద నగరపాలక సంస్థ నుంచి తొమ్మిది లక్షలు, ఎంపీ నిధులు 2021 నవంబరులో తిరిగి మొదలయ్యాక అక్కడి నుంచి ఎనిమిది లక్షలు.

మూడు పద్దుల డబ్బు ఒకే నేల మీద పడితే వచ్చే చిక్కు బయటివాళ్లకు తెలియదు. రేపు ఆడిట్‌లో "ఈ స్తంభం ఏ డబ్బుతో పాతారు" అని అడుగుతారు. రెండు పద్దుల్లో ఒకే పని కనిపిస్తే బిల్లు ఆగిపోతుంది, కొన్నిసార్లు ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమని రికవరీ రాస్తారు. అందుకని పటాన్ని మూడు రంగుల్లో గీశాను. మొరం నింపడం, కాలువ, ఇనుప జాలీ కంచె ఎరుపు, అంటే ఎమ్మెల్యే నిధి. నడిచే బాట, లైట్లు, మరుగుదొడ్డి నీలం, నగరపాలక సంస్థ. కోర్టుల నేల, ఖోఖో స్తంభాలు, వలలు, చిన్న వేదిక ఆకుపచ్చ, ఎంపీ నిధి. ఒక రంగు ఇంకో రంగును తాకకూడదు. మూడు అంచనాలు, మూడు పరిపాలనా అనుమతులు, మూడు సాంకేతిక అనుమతులు, మూడు కొలతల పుస్తకాలు. ఎరుపు పూర్తయితే తప్ప ఆకుపచ్చ మొదలుపెట్టలేం. డబ్బు మాత్రం ఆ వరుసలోనే వస్తుందన్న భరోసా లేదు. మా అదృష్టం కొద్దీ ఎరుపే ముందు వచ్చింది. ఆకుపచ్చ ముందు వచ్చి ఉంటే, ఏడాదిలోపు పని ముగించాలన్న నిబంధన ఒకవైపు, నింపని పల్లం ఇంకోవైపు నన్ను నలిపేసేవి.

2022 జూన్ 2న రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ క్రీడా ప్రాంగణాల కార్యక్రమం ప్రారంభించింది. గ్రామాలతోపాటు పట్టణ వార్డుల్లోనూ జాగాలు చూస్తున్నారని తెలిసి సంఘంలో కొందరు మనదీ రాయిద్దామన్నారు. నేను వద్దన్నాను. మూడు రంగులకే నా కళ్లు తిరుగుతున్నాయి, నాలుగో రంగు పెట్టె కొనలేను.

మొరం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1,650 చదరపు మీటర్ల నేలను 40 సెంటీమీటర్లు లేపాలంటే దిమ్మిస చేశాక 660 ఘనపు మీటర్లు ఉండాలి. వదులుగా తెచ్చినది రోలర్ తొక్కితే అణుగుతుంది కాబట్టి దాదాపు 805 ఘనపు మీటర్లు తేవాలి. టిప్పరుకు పన్నెండు లెక్కన 67 లోడ్లు. లోడ్లు రాత్రిళ్లు వచ్చేవి. మేడ మీద పడుకునే ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు వచ్చిన ప్రతి టిప్పరుకూ పిట్టగోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. నేను చెప్పలేదు, వాళ్లకే తోచింది. వారం తరువాత కాంట్రాక్టర్ మనిషి 67 లోడ్లు పడ్డాయని చీటీల కట్ట చూపించాడు. పిట్టగోడ మీద 52 గీతలు ఉన్నాయి.

సుద్ద గీతలతో బిల్లు ఆపలేం. అలాగని చీటీలతో బిల్లు ఇవ్వనూ అక్కర్లేదు. మొరం పోయకముందే అయిదు మీటర్లకొక చుక్క చొప్పున లెవెల్స్ తీసి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారితో, కాంట్రాక్టర్‌తో సంతకాలు పెట్టించుకున్నాను. రోలర్ అయ్యాక మళ్లీ అవే చుక్కల్లో తీస్తే సగటు మందం 31 సెంటీమీటర్లు వచ్చింది. 52 లోడ్లకు లెక్క కడితే సరిగ్గా అంతే వస్తుంది. గోడా, లెవెల్ పరికరమూ ఒకే మాట చెప్పాక కాంట్రాక్టర్ వాదించలేదు. "కుర్రాళ్లు నిద్ర పోరా సార్" అని మాత్రం అన్నాడు. మూడు రాత్రుల్లో మిగతా పదిహేను లోడ్లు దిగాయి. ఆ గీతల మీద ఇప్పటికీ ఎవరూ సున్నం వేయలేదు.

ఆకుపచ్చ పని టెండరు పిలిచేసరికి ఇంకో దెబ్బ. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. మా ఎనిమిది లక్షలూ పన్నుతో కలిపి మంజూరైన మొత్తం. పాత రేటున పని విలువ సుమారు 7 లక్షల 14 వేలు. దాని మీద ఆరు శాతం అంటే దాదాపు 43 వేలు తక్కువ పడింది. సవరించిన అంచనా పెడితే మళ్లీ నెలలు. ఏదో ఒకటి తీసేయాలి. వేదిక తీసేశాను. జెండా వందనం, సన్మానాలు ఎక్కడ చేసుకోవాలని అధ్యక్షులు గారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఖోఖో స్తంభాలు తీసేసి ఉంటే ఎవరూ అలిగేవారు కాదు, అందుకే వాటిని తీయలేదు.

పలక మీద రాసిన అంకె

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఈ భాగమే. ఎంపీ నిధి మార్గదర్శకాల్లో ఒక నిబంధన ఉంది. పని మంజూరు చేసేముందే, కట్టిన దాన్ని నడిపి, నిర్వహించే బాధ్యత తీసుకుంటామని వాడుకునే సంస్థ నుంచి గట్టి హామీ తీసుకోవాలి. నిధి మాత్రం మన్నికైన ఆస్తులకే, రోజువారీ ఖర్చుకు పైసా రాదు. సబబైన నిబంధనే. కానీ ఆ హామీని అందరూ ఎలా రాస్తారో నాకు తెలుసు, ఎందుకంటే నేనే ఎన్నోసార్లు రాసిచ్చాను. "నిర్వహణ బాధ్యత మా సంఘం వహిస్తుందని ఇందుమూలముగా తెలియజేయడమైనది." కింద స్టాంపు, సంతకం. అలాంటి వాక్యం మీద కట్టిన కోర్టులు మూడో ఏడు పిచ్చిమొక్కలతో, ఊడిన స్విచ్ బోర్డులతో ఎలా ఉంటాయో ఈ నగరంలో నేను చాలా చూశాను. రెండు నేను గీసినవే.

ఈసారి ఆ వాక్యం కింద ఒక పేజీ లెక్క జత చేయాలని పట్టుబట్టాను. సంఘం సమావేశంలో పలక మీద రాశాను. లైట్లకు, బోరు మోటారుకు కరెంటు 2,800. తాళం తీసి, వేసి, ఊడ్చి, చూసుకునే మనిషికి 9,000. సున్నం, వలలు, చిల్లర సామాను 1,500. మరుగుదొడ్డి శుభ్రతకు 2,200. మరమ్మతుల కోసం పక్కన పెట్టేది 2,000. మొత్తం నెలకు 17,500.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. 27 లక్షలు విన్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే 17,500 చూసి నేల చూపులు చూశారు. వెనక వరసలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు లేచి, "ఇదంతా పాలక సంస్థ బాధ్యతే కదండీ, మనం ఎందుకు భరించాలి?" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ఆటస్థలాలు పట్టణ పాలన పని అని రాజ్యాంగమే చెబుతోంది. అయితే మేము తెచ్చిన మూడు మంజూరు పత్రాల్లో ఒక్కదానిలోనూ మనిషి జీతానికి గడి లేదు. హక్కు గురించి అడుగుతూనే ఉందాం మాస్టారూ, ఈలోగా సాయంత్రం ఆరింటికి లైటు ఎవరు వేస్తారు అని అడిగాను.

రెండు గంటల వాదన తరువాత తేలింది ఇది. స్థలం, కట్టడం పాలక సంస్థవే. మూడేళ్ల నిర్వహణ ఒప్పందం సంఘానిది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు ఎప్పుడూ ఉచితం. ఆరున్నర దాటాక లైట్ల కింద ఆడే పెద్దలు కోర్టుకు గంటకు వంద ఇస్తారు. ఇంటికి నెలకు ఇరవై రూపాయలు. జమాఖర్చు ప్రతి నెలా అయిదో తారీఖున గేటు బోర్డు మీద. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఖోఖో, వాలీబాల్ జాగా ఆడపిల్లలది. ఆ గంటన్నర కోసం రుసుములకంటే ఎక్కువ వాదన జరిగింది. చివరికి దాన్ని నిలబెట్టినవాళ్లు మా సమావేశాలకు ఎప్పుడూ రాని అమ్మలు. ఆ రోజు పదకొండు మంది వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ఇక తాళంచెవి. ఆనవాయితీ ప్రకారం అది అధ్యక్షుల ఇంట్లో ఉండాలి. ఇంట్లో పెళ్లయితే మైదానానికీ సెలవు, కుర్రాళ్ల మీద కోపం వస్తే మైదానానికి తాళం. ప్రారంభించిన మొదటి నెలలోనే అది జరిగింది కూడా. గేటు పక్కన చింతచెట్టు కింద పన్నెండేళ్లుగా ఇస్త్రీ బండి నడిపే దంపతులు ఉన్నారు. పొద్దున్న అయిదుకే వస్తారు, రాత్రి తొమ్మిది దాకా ఉంటారు, కాలనీలో ప్రతి పిల్లవాడి పేరూ, వాళ్ల నాన్న చొక్కా కొలతా తెలుసు. ఆ తొమ్మిది వేలు వాళ్లకే ఇద్దామన్నాను. చదువుకున్న సెక్యూరిటీ మనిషిని పెడదామని కొందరన్నారు. యూనిఫాం వేసుకున్న మనిషి కుర్చీకి కాపలా కాస్తాడు, ఈ ఇస్త్రీ ఆవిడ మైదానానికి కాస్తుంది అన్నాను. ఒప్పుకున్నారు.

ఆవిడ నెలరోజుల్లో తన పద్ధతి తాను పెట్టేసింది. బట్టల లెక్క రాసే పొడుగు పుస్తకంలో వెనక వైపు నుంచి మైదానం లెక్క మొదలుపెట్టింది. తనకు అక్షరాలు అంతంత మాత్రం, అందుకని గుర్తులు. షటిల్‌కు ఈక బొమ్మ, వాలీబాల్‌కు సున్నా, ఖోఖోకు రెండు నిలువు గీతలు. ఆడపిల్లలు ఎంతమంది వచ్చారో రోజూ ఒక అంకె. నేను దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకుంటాను. 2023 మార్చిలో సగటు ఆరుగురు. ఏప్రిల్ చివర నుంచి జీహెచ్‌ఎంసీ వేసవి శిక్షణ శిబిరాలు మొదలయ్యాక పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు ఆడపిల్లలను కూడగట్టారు. జూన్ దాటాక పద్దెనిమిది, ఇరవై మధ్య నిలబడింది. పరీక్షల నెలల్లో పడిపోతుంది, మళ్లీ లేస్తుంది.

జమా మాత్రం లెక్క ప్రకారం రాలేదు. ఇరవై రూపాయల చందా 320 ఇళ్లకు గాను 210 ఇళ్ల నుంచే వస్తోంది, 4,200. కోర్టు రుసుము నెలకు సగటున 9,800. కలిపి 14,000. నెలకు మూడున్నర వేల లోటు, మొదటి ఏడాది 42 వేలు. సంఘం నిల్వలోంచి పెట్టారు. కరెంటు బిల్లు మొదటి మూడు నెలలు అనుకున్నదానికి రెట్టింపు రావడం దీనికి తోడైంది. కనెక్షన్ దరఖాస్తులో మేమే "క్లబ్బు" అని రాశాం, అది వాణిజ్య కేటగిరీలో పడింది. ఒక మాటకు అంత ధర. మీటరు పాలక సంస్థ పేరుకు మార్పించాక తగ్గింది. రెండో ఏడు ఆ పాత కంపెనీ అధికారి దగ్గరికే మళ్లీ వెళ్లాం. ఈసారి గోడ అడగలేదు, వారానికి మూడు రోజులు ఖోఖో కోచ్‌ను అడిగాం. ఇచ్చారు. మాకు లోటు తీరలేదు గానీ ఆడపిల్లల గంటన్నరను ఇక ఎవరూ కదపలేరు.

మూడేళ్ల ఒప్పందం గడువు ముగిశాక పొడిగింపు ఫైలు కూడా నేనే తయారుచేశాను. దానికి జతచేసినవి రెండే. ముప్పై ఆరు నెలల జమాఖర్చు, పొడుగు పుస్తకం వెనక పేజీల నకలు. ఫైలు కట్టేముందు ఆవిడ చివరి పేజీ మరోసారి చూసి ఇవ్వమంది. ఒక పద్దు మరిచిపోయిందట. వాలీబాల్ వల ఒకటి, 850 రూపాయలు. పక్కన చిన్న కుక్క బొమ్మ వేసింది. కొరికింది అదే.